ప్రపంచ మతాల గురించి చిన్నపిల్లలకు చెప్పడం ఎలా? ప్రైమరీ టీచర్లకు మెట్టుమెట్టుగా

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు మతం కొత్త సంగతేమీ కాదు. తెల్లవారకముందే మసీదు మైకులో అజాన్ వింటారు. శనివారం గుడి మైకులో సుప్రభాతం వింటారు. ఆదివారం పక్కింటివాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, బైబిల్ పట్టుకుని చర్చికి వెళ్ళడం చూస్తారు. చూస్తారు, వింటారు గానీ వాళ్ళు ఎందుకలా చేస్తారో పిల్లలకు ఎవరూ చెప్పరు. బడిలో మనం చెప్పకపోతే వీధి చెబుతుంది, ఇప్పుడైతే ఫోన్ చెబుతుంది. ఆ రెండూ ఎలా చెబుతాయో మనకు తెలియనిది కాదు.

ఎనిమిది నుంచి పదకొండేళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. వారానికి ఒక పీరియడ్, కొన్ని చార్టులు, ఇళ్ళలో దొరికే వస్తువులు చాలు. ప్రొజెక్టర్ ఉంటే మంచిదే, లేకపోయినా ఏ పాఠమూ ఆగదు.

ఒక విషయం ముందే చెప్పాలి. మన బళ్ళలో ఈ ప్రస్తావన వస్తే "అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే" అని ఒక వాక్యం చెప్పి, చార్టు మీద నాలుగు గుర్తులు గీయించి ముగించేస్తాం. ఉద్దేశం మంచిదే. కానీ పిల్లలకు కళ్ళున్నాయి. ఒకరు విగ్రహానికి దణ్ణం పెడతారు, మరొకరు విగ్రహమే వద్దంటారు, ఇంకొకరు సృష్టికర్త ఊసే లేకుండా ధ్యానం చేస్తారు. కంటికి కనిపించే తేడాను టీచర్ లేదంటే పిల్లలు ఆ టీచర్‌ని అడగడం మానేస్తారు. తేడాలు ఉన్నాయి, ఉన్నా ఫర్వాలేదు, వాటి గురించి మర్యాదగా అడిగి తెలుసుకోవచ్చు. పిల్లలు నేర్చుకోవాల్సింది ఇదేనని నేను నమ్ముతాను. కింది మెట్లన్నీ దానికోసమే.

మొదటి మెట్టు: మతబోధకూ, మతాల గురించి చెప్పడానికీ గీత గీసుకోండి

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని రాజ్యాంగంలోని 28వ అధికరణం చెబుతోంది. గుర్తింపు పొందిన బడి అయినా, ప్రభుత్వ సాయం అందుకునే బడి అయినా, అక్కడ జరిగే మతబోధలో గానీ ప్రార్థనలో గానీ తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని పాల్గొనమని బలవంతపెట్టకూడదు. అయితే మతాల గురించి చదువుకోవడం వేరే సంగతి. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను గుర్తించింది. మతాల గురించి అవగాహన కలిగించే చదువుకు రాజ్యాంగం అడ్డు రాదని చెప్పింది.

క్లాసులో ఈ గీత ఎక్కడుందో మన వాక్యాలే చెబుతాయి. "దేవుడు ఒక్కడే" అంటే అది బోధ. "దేవుడు ఒక్కడేనని ముస్లింలు నమ్ముతారు" అంటే అది సమాచారం. "యేసు మళ్ళీ లేచాడు" అనడానికీ, "యేసు మూడో రోజు మళ్ళీ లేచాడని క్రైస్తవులు నమ్ముతారు, ఈస్టర్ అందుకే జరుపుకుంటారు" అనడానికీ అంతే తేడా. మన సొంత మతం గురించి చెప్పేటప్పుడే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం, ఎందుకంటే నోరు జారేది అక్కడే. "రాముడు రావణుణ్ణి చంపాడు కాబట్టి మనం దసరా చేసుకుంటాం" అన్నప్పుడు ఆ "మనం"లో లేని పిల్ల ఒకతి క్లాసులో కూర్చుని ఉండొచ్చు.

అందుకే ఒక అట్టముక్క మీద మూడు మాటలు పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించండి: "నమ్ముతారు", "చాలామంది", "కొందరు". చివరి రెండూ ఎందుకంటే, ఒకే మతంలోనూ అందరూ ఒకేలా ఉండరు. మాంసం తినే హిందువులున్నారు, తినని హిందువులున్నారు. దర్గాకు వెళ్ళే ముస్లింలున్నారు, దర్గా పద్ధతిని ఒప్పుకోని ముస్లింలున్నారు. కొన్ని వారాలకు పిల్లలే ఒకరినొకరు "అందరూ కాదురా, కొందరు!" అని దిద్దుకుంటారు.

రెండో మెట్టు: పెద్దవాళ్ళకు ముందే చెప్పండి

హెడ్‌మాస్టర్ పర్మిషన్ తీసుకోండి. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో విషయం పెట్టండి. తర్వాత ఇంటికి ఒక కాగితం పంపండి. దాచినట్టు అనిపించే పాఠానికే గొడవలు వస్తాయి. ముందే చెప్పి, చార్టులు గోడకు పెట్టి, "ఎప్పుడైనా వచ్చి క్లాసులో కూర్చోండి" అంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కాగితం ఇలా ఉండొచ్చు:

"తల్లిదండ్రులకు నమస్కారం. ఈ టర్మ్‌లో మన పిల్లలు మన ఊళ్ళోనూ ప్రపంచంలోనూ ఉన్న వివిధ మతాలవాళ్ళ పండుగలు, ఆహారం, కథలు, ప్రార్థనాస్థలాల గురించి తెలుసుకుంటారు. ఏ మతాన్నీ పాటించమని చెప్పడం గానీ, ఏ మతాన్నీ తక్కువ చేయడం గానీ ఉండదు. క్లాసులో పూజ, ప్రార్థన, ప్రసాదం ఉండవు. మీ ఇంటి పండుగ గురించి పిల్లలకు చెప్పాలని ఉంటే సంతోషంగా పిలుస్తాం. సందేహాలుంటే శనివారం సాయంత్రం బడికి రండి."

చదవడం రాని తల్లిదండ్రులకు గేటు దగ్గర నోటితో చెప్పండి. ఎవరైనా తమ పిల్లవాడు వద్దంటే వాదించకండి. ఏ పాఠానికి వద్దంటున్నారో అడిగి, ఆ పీరియడ్‌లో వేరే పని ఇవ్వండి. చాలాసార్లు "చర్చిలో ప్రార్థన చేయిస్తారా?" లాంటి ఒక్క భయమే కారణమవుతుంది. అలాంటిదేమీ ఉండదని తెలిస్తే ఒప్పుకుంటారు.

మూడో మెట్టు: "ఎవరిది ఏ మతం? చెయ్యెత్తండి" అని అడగకండి

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది టీచర్లు పాఠాన్ని మొదలుపెట్టేదే ఈ ప్రశ్నతో.

మన ఊళ్ళలో ఎన్నో కుటుంబాలు ఆదివారం చర్చికి వెళ్తాయి, సర్టిఫికెట్‌లో మాత్రం ఎస్సీ హిందువు అని ఉంటుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఆ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించదు. అంటే ఆ పిల్లవాడు క్లాసులో "మేం క్రిస్టియన్స్ టీచర్" అని చెయ్యెత్తితే, ఆ మాట ఎక్కడికో చేరి అతని స్కాలర్‌షిప్ మీదకు రావచ్చు. తల్లిదండ్రులిద్దరిదీ చెరో మతమైన ఇళ్ళున్నాయి. పుట్టిన మతం వదిలేసినవాళ్ళున్నారు. ఏ మతమూ వద్దనుకున్నవాళ్ళున్నారు. వాళ్ళెవరినీ నలుగురిలో నిలబెట్టే హక్కు మనకు లేదు.

అలాగే క్లాసులో ఉన్న ఒక్క ముస్లిం పిల్లనో పిల్లవాణ్ణో "నువ్వు చెప్పమ్మా, మీరు రోజా ఎందుకుంటారు?" అని అడగకండి. తొమ్మిదేళ్ళ పిల్ల ఒక మతానికంతటికీ ప్రతినిధి కాదు. తనంతట తాను "మా నాన్న ఉంటాడు టీచర్" అంటే మాత్రం శ్రద్ధగా వినండి, థ్యాంక్స్ చెప్పండి. హాజరు పట్టీలో పేర్లు చూసి మతం ఊహించుకోవడమూ వద్దు.

నాలుగో మెట్టు: చెవులతో మొదలుపెట్టండి

మొదటి రెండు పీరియడ్లు మతం అన్న మాటే ఎత్తకుండా గడిపేయొచ్చు. పిల్లలతో ఊరి పటం గీయించండి: బడి, బస్టాండు, చెరువు, అంగడి. తర్వాత "రేపు పొద్దున లేచినప్పటి నుంచి బడికి వచ్చేదాకా ఏమేం శబ్దాలు వినిపించాయో గుర్తుపెట్టుకుని రండి" అని పంపండి. పాలబండి హారన్, కోడి, బోరింగ్ చప్పుడుతో పాటు అజాన్, గుడిగంట, చర్చి పాట కూడా వస్తాయి. ప్రతి శబ్దాన్నీ పటం మీద అది పుట్టినచోట ఒక రంగు చుక్కగా పెట్టించండి.

ఇప్పుడు ఒక్కో చుక్కనూ విప్పుకుంటూ వెళ్ళండి. అజాన్ రోజుకు ఎన్నిసార్లు? ఐదుసార్లు: ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా. అందులో వినిపించే "అల్లాహు అక్బర్" అంటే "దేవుడు అందరికన్నా గొప్పవాడు" అని, ప్రార్థనకు రండని పిలుపు అని చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడండి. పుట్టినప్పటి నుంచి వింటున్న శబ్దానికి మొదటిసారి అర్థం దొరుకుతుంది. మగ్రిబ్ సూర్యుడు అస్తమించాక చేసే నమాజు. ఆ వారమంతా సాయంత్రం అజాన్ సమయం రాసుకొస్తే, ఆ సమయం కొద్దికొద్దిగా జరుగుతోందని పిల్లలే కనిపెడతారు. అది సైన్సు పాఠం కూడా.

పటం పూర్తయ్యాక ఒక ప్రశ్న వేయండి: "శబ్దం చేయని ప్రార్థన చోట్లు మన ఊళ్ళో ఉన్నాయా?" వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, పొలం గట్టున పోతురాజు, ఇంట్లో గూట్లో పెట్టిన సిలువ బయటికొస్తాయి. పాఠ్యపుస్తకాల్లోని "ప్రపంచ మతాల" పట్టికలో వీటికి చోటుండదు. ఆదివాసీ ఆరాధనలకు అసలే ఉండదు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు గోండుల మెస్రం వంశీయులు కాలినడకన వెళ్ళి గోదావరి నీళ్ళు తెచ్చి పూజ చేస్తారు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు మొక్కు తీర్చే బెల్లాన్ని బంగారం అంటారు. మక్కా, జెరూసలేం, బుద్ధగయ చెప్పిన నోటితోనే వీటినీ చెప్పాలి.

ఐదో మెట్టు: ఒక పీరియడ్‌కు ఒకే వస్తువు

ఒకే రోజు ఐదు మతాలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఒక్క వస్తువు తీసుకుని నలభై నిమిషాలూ దాని చుట్టూ తిరగండి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ హల్, మైకేల్ గ్రిమిట్ తదితరులు చిన్నపిల్లల కోసం ఇలాంటి పద్ధతినే రూపొందించారు. ముందు వస్తువుతో ఆసక్తి పుట్టించడం, దగ్గరగా చూడటం, అది ఎవరి జీవితంలోదో తెలుసుకోవడం, చివర్న ఆలోచించడం. నాకు ఇందులో బాగా నచ్చింది ఒక జాగ్రత్త. పిల్లల్ని వస్తువుకు దగ్గరగా తీసుకెళ్తూనే "ఇది వాళ్ళకు పవిత్రం, మనం చూసి నేర్చుకుంటున్నాం" అని కాస్త ఎడం కూడా పాటిస్తారు.

జానీమాజ్‌తో, అంటే నమాజు చాపతో, పీరియడ్ ఇలా నడుస్తుంది. చాపను చుట్టి గుడ్డసంచిలో పెట్టి తెండి. చెయ్యి పెట్టి తడిమి ఏమిటో చెప్పమనండి. "దుప్పటి!" "టవల్!" అంటారు. ఐదు నిమిషాలయ్యాక బల్ల మీద పరవండి. నేల మీద వద్దు, ఎవరైనా చెప్పుకాలితో తొక్కే ప్రమాదముంది. ఇక చూసింది మాత్రమే చెప్పమనండి: రంగులు, కుచ్చులు, మధ్యలో తలుపులాంటి కమాను బొమ్మ. "ఈ కమాను ఒకవైపే ఎందుకుంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ అడగకపోతే మీరే అడగండి.

దానికి జవాబు మసీదు గోడలో ఉంది. మసీదులో ఒక గోడకు గూడు ఉంటుంది, మెహరాబ్ అంటారు. అది మక్కా దిక్కును చూపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడున్నా ముస్లింలు మక్కాలోని కాబా వైపు తిరిగి నమాజు చేస్తారు. ఇప్పుడు ప్రపంచపటం తెరవండి. "మన ఊరి నుంచి మక్కా ఎటు?" పడమర, కాస్త ఉత్తరానికి. "మరి ఈజిప్టువాళ్ళు ఎటు తిరగాలి? ఇండోనేషియావాళ్ళు?" దారంతో పటం మీద గీతలు పెట్టించండి. అన్ని దారాలూ ఒకే చోట కలుస్తాయి. పీరియడ్‌లో పిల్లలు నిశ్శబ్దమయ్యేది అక్కడే.

చివరి పది నిమిషాలు ఒక ప్రశ్నకు: "మీకు ప్రశాంతంగా కూర్చోవాలనిపిస్తే ఎక్కడ కూర్చుంటారు?" మేడ మీద అంటారు, అమ్మమ్మ పక్కన అంటారు, చెట్టు మీద అంటారు. ఏదన్నా రాసుకోండి. నమాజు "చేసి చూపించమని" ఎవరినీ అడగకండి. పూజ, బాప్తిస్మం, నమాజు ఏదీ క్లాసులో నాటకంగా వేయించవద్దు. నమ్మేవాళ్ళకు అది ఆట కాదు, నమ్మనివాళ్ళ చేత చేయించడం తప్పు.

ఇదే పద్ధతిలో జపమాల, కొవ్వొత్తి, సిక్కుల కడియం, ధర్మచక్రం బొమ్మ వాడొచ్చు. పవిత్ర గ్రంథాల విషయంలో జాగ్రత్త. ఖురాన్‌ను చాలామంది వజూ చేసుకున్నాకే, అంటే చేతులు, మొహం, కాళ్ళు కడుక్కున్నాకే, ముట్టుకుంటారు, నేల మీద పెట్టరు. సిక్కులకు గురు గ్రంథ్ సాహిబ్ సజీవ గురువుతో సమానం, దాన్ని క్లాసుకు తేవడమన్న ఆలోచనే వద్దు. ఫొటోలు చాలు. బొమ్మలు గీసే పనిలోనూ అంతే. అల్లానో ముహమ్మద్ ప్రవక్తనో గీయమని ఎప్పుడూ చెప్పకండి.

"ఎందుకు గీయకూడదు టీచర్?" అని అడిగితే అమరావతికి తీసుకెళ్ళండి. అక్కడి స్తూపం మీద తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి రూపం కనిపించదు. పాదముద్రలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం, ధర్మచక్రం ఉంటాయి, చుట్టూ జనం దణ్ణం పెడుతుంటారు. మనిషి రూపంలోని బుద్ధుడు తర్వాత వచ్చాడు. ఆ శిల్పాలు చాలావరకు ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి, ఫొటోలు సులువుగా దొరుకుతాయి. "మీ నానమ్మను మనిషి బొమ్మ లేకుండా గీయండి" అని ఇవ్వండి. కళ్ళజోడు, చేతికర్ర, వక్కాకుల పెట్టె వస్తాయి. మనిషిని చూపించకుండా గౌరవించడం ఎలా ఉంటుందో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఆరో మెట్టు: రెండు పళ్ళేలు

పిల్లలకు తిండి ద్వారా ఎక్కినంత బాగా ఏదీ ఎక్కదు. కానీ "ఏ మతంవాళ్ళు ఏం తింటారు" అన్న దారిలో వెళ్తే క్లాసు వెంటనే "ఛీ, వాళ్ళు అది తింటారట" దగ్గరికి చేరుతుంది. అందుకే నేను మరో దారి చెబుతాను: అర్థం ఉన్న పళ్ళెం.

ఒకటి పిల్లలకు తెలిసిందే. ఉగాది పచ్చడి: వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడికాయ, ఉప్పు, కారం. ఏ రుచి దేనికి గుర్తో పిల్లలే చెబుతారు. రెండోది యూదుల పస్కా పండుగ రాత్రి సెడర్ పళ్ళెం. యూదుల పూర్వీకులు ఈజిప్టులో బానిసలుగా ఉండి విడుదలైన కథను ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చెప్పుకుంటారు. చేదు ఆకు బానిసత్వపు చేదుకు గుర్తు. ఉప్పునీళ్ళు కన్నీళ్ళకు. పళ్ళూ గింజలూ కలిపి నూరిన తియ్యటి ముద్ద, వాళ్ళ చేత ఇటుకలు పెట్టించిన అడుసుకు. పులియని రొట్టె ఎందుకంటే, పారిపోయే తొందరలో పిండి పులిసేదాకా ఆగే సమయం లేకపోయింది.

ఆ రాత్రి కథను కదిలించేది ఇంట్లో అందరికన్నా చిన్న పిల్ల. "ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు?" అని అడగాలి. అడిగితేనే పెద్దవాళ్ళు కథ మొదలుపెడతారు. పిల్లలు ప్రశ్న అడగడమే పండుగలో భాగమని చెప్పండి, క్లాసు నిటారుగా కూర్చుంటుంది.

బోర్డును రెండుగా చేసి రెండు పళ్ళేలూ గీయండి. చేదు రెండింటిలోనూ ఉంది, తీపి రెండింటిలోనూ ఉంది. అయితే ఒకటి రాబోయే ఏడాది గురించి, రెండోది ఎప్పుడో జరిగిపోయిన దాని గురించి. పోలికా తేడా రెండూ పిల్లల చేతే చెప్పించండి. ఒకదాంట్లో ఇంకొకటి కలిపేయకండి. యూదులు ఎక్కడో దూరదేశంవాళ్ళే అనుకోకుండా, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తమను పిలుచుకునే తెలుగు యూదుల చిన్న సమూహం ఉందని చెప్పండి. తెలుగు మాట్లాడే యూదులా అని పిల్లలు ఆశ్చర్యపోతారు.

రుచి చూపించాలనుకుంటే బెల్లం, ఖర్జూరం లాంటివి చాలు. ముందే ఇళ్ళకు చెప్పండి, వేరుశనగ, జీడిపప్పు పడనివాళ్ళుంటే అడగండి. గుడిలో నైవేద్యం పెట్టింది, చర్చిలో ప్రార్థన చేసింది క్లాసులో పంచకండి. వద్దన్న పిల్లను బలవంతపెట్టకండి.

ఏడో మెట్టు: కథలు

మహిమల కథలకన్నా, ఒక మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చిన కథలు ఎంచుకోండి. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి తనవాళ్ళు దాటిపోతే, పడనివాళ్ళ జాతికి చెందినవాడు ఆగి సాయం చేసిన మంచి సమరయుని కథ. ధనవంతుడు మాలిక్ భాగో విందును కాదని, వడ్రంగి లాలో ఇంట ముతక రొట్టె తిన్న గురునానక్ కథ. బానిసగా చిత్రహింసలు పడి, విడుదలై, ఇస్లాంలో మొదటి అజాన్ పిలిచిన బిలాల్ కథ. అజాన్ పాఠం తర్వాత వారం బిలాల్ కథ చెబితే రెండూ అతుక్కుంటాయి.

కథను కీలకమైన చోట ఆపండి. "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగి, నాలుగైదు జవాబులు విన్నాకే ముగించండి. చివర్న "ఈ కథలో నీతి" చెప్పకండి. మీరు నీతి చెప్పగానే పిల్లలు ఆలోచించడం ఆపేస్తారు. "ఈ కథ క్రైస్తవులకు ఎందుకు ఇష్టమై ఉంటుంది?" అన్న ప్రశ్న అంతకన్నా మేలు.

బిడ్డ చనిపోయిన కిసా గోతమిని, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపిన కథ గొప్పది. కానీ క్లాసులో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్ల ఉంటే ఈ ఏడాదికి ఆ కథ పక్కన పెట్టండి.

ఎనిమిదో మెట్టు: గోడ క్యాలెండర్‌తో లెక్కలు

ఇది ఐదో తరగతికి. గత మూడేళ్ళ క్యాలెండర్లు ఇళ్ళ నుంచి తెమ్మనండి. మన దేశంలో రంజాన్ పండుగ 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. తేడా ఎన్ని రోజులు? రెండుసార్లూ పదకొండు. ఇస్లామిక్ సంవత్సరం చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, సుమారు 354 రోజులు. 365లోంచి తీసేస్తే పదకొండు. అందుకే రంజాన్ ఎండాకాలంలోనూ వస్తుంది, చలికాలంలోనూ వస్తుంది. సుమారు 33 ఏళ్ళకు ఒక చుట్టు పూర్తవుతుంది.

ఉగాది చూడండి: 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. ఇదీ చాంద్రమానమే కదా, మరి ఒకసారి ముందుకు దూకిందేం? 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఒక నెల అదనంగా చేర్చి పండుగను ఋతువుతో కలుపుతారు. క్రిస్మస్ మాత్రం కదలదు. ఈస్టర్ కదులుతుంది: వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) తర్వాత వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. తీసివేతల లెక్కలంటే విసుక్కునే పిల్లలు కూడా ఈ పీరియడ్‌లో బోర్డు వదలరు.

ఇక్కడే నెల్లూరు రొట్టెల పండుగ చెప్పొచ్చు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, అన్ని మతాలవాళ్ళూ కోరిక కోరుకుంటూ రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్ళు వచ్చి రొట్టె ఇస్తారు. తేదీ ఏటా ఎందుకు మారుతుందో ఇప్పుడు పిల్లలే చెబుతారు. దేవుని కడపలో ఉగాది రోజున ముస్లింలు వేంకటేశ్వరుడి గుడికి రావడం కూడా అలాంటిదే. స్వామి భార్య అని చెప్పుకునే ముస్లిం స్త్రీ బీబీ నాంచారి వల్ల స్వామి తమ అల్లుడని వాళ్ళు చెప్పుకుంటారు. ఇలాంటివి పుస్తకాల్లోని "మతసామరస్యం" అన్న మాటకన్నా పిల్లలకు ఎంతో బాగా అందుతాయి.

తొమ్మిదో మెట్టు: వెళ్ళి చూడటం

ముందు మీరొక్కరే వెళ్ళి రండి. బాధ్యులతో మాట్లాడండి, పిల్లలు ఎక్కడ నిలబడాలో, ఎక్కడికి వెళ్ళకూడదో, ఫొటోలు తీయొచ్చో లేదో అడగండి. ప్రార్థన లేని సమయం ఎంచుకోండి. అక్కడివాళ్ళకు "పిల్లలకు వివరించండి, ప్రార్థన చేయించకండి, పుస్తకాలు పంచకండి" అని ముందే మర్యాదగా చెప్పండి. అన్ని చోట్లా లోపలికి రానివ్వరు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పార్సీల అగ్ని ఆలయాలున్నాయి, ఇతరులకు ప్రవేశం లేదు. బయటి నుంచే చూసి, "మనల్ని రానివ్వని చోటును ఎలా గౌరవించాలి?" అని మాట్లాడుకోవడం కూడా పాఠమే.

చూడటానికి పని ఇవ్వండి, లేకపోతే పరుగులే. మెదక్ చర్చికి వెళ్తే రంగు అద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం ఎక్కడున్నాయో వెతకమనండి. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన ఆ చర్చిని మిషనరీ పాస్నెట్ దొర కరువుకాలంలో జనానికి పని, తిండి దొరకడానికి కట్టించాడని చెప్పండి. చార్మినార్‌కు వెళ్తే పై అంతస్తులో మసీదు ఉందన్న సంగతి చాలామంది పెద్దలకే తెలియదు. గురుద్వారాలో తల కప్పుకోవాలి, చేతిరుమాళ్ళు తెచ్చుకోమనండి. లంగర్‌లో అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, అందరూ నేల మీద ఒకే వరసలో కూర్చుని తింటారు. ఎవరు వండారో, డబ్బు ఎవరిచ్చారో పిల్లల్నే అడిగి తెలుసుకోమనండి.

వెళ్ళలేకపోతే ఊళ్ళో ఉన్నదే చాలు. గుడి, మసీదు, చర్చి గుమ్మాల దగ్గర చెప్పులు ఎక్కడ వదులుతారో గమనించి రమ్మనండి. మన పల్లెల్లో చర్చి బయట కూడా చెప్పులు వదులుతారు. చాలా దేశాల్లో చర్చిలోకి బూట్లతోనే వెళ్తారని చెబితే, ఒకే మతం ఊరిని బట్టి ఎలా మారుతుందో పిల్లలకు అర్థమవుతుంది.

పదో మెట్టు: వచ్చే ప్రశ్నలు

"ఏ దేవుడు నిజం టీచర్?" దీనికి తప్పించుకోకుండా చెప్పండి: "దీని గురించి పెద్దవాళ్ళు వేల ఏళ్ళుగా ఆలోచిస్తున్నారు, వేరువేరు జవాబులు చెప్పారు. మీ ఇంట్లో ఏమంటారో అడుగు. ఎవరు ఏం నమ్ముతారో, ఎందుకో తెలుసుకోవడం ఇక్కడ మన పని."

"మీరు ఏ మతం టీచర్?" చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళండి. నేనైతే "ఈ పీరియడ్‌లో నేను అందరి టీచర్‌ని" అంటాను.

"మా నాన్న దేవుడే లేడంటాడు." ఆ పిల్లవాడి మాటకూ అంతే గౌరవం ఇవ్వాలి. దేవుడి మీద నమ్మకం లేకుండా మంచిగా బతకొచ్చని చెప్పేవాళ్ళూ ఉన్నారని, నాస్తికవాది గోరా 1940లో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం విజయవాడలో ఇప్పటికీ నడుస్తోందని చెప్పండి.

"వాళ్ళు మురికిగా ఉంటారట," "వాళ్ళు చెడ్డవాళ్ళట." తిట్టకండి, వదిలేయకండి. "ఎవరు చెప్పారు? నువ్వు చూశావా? అందరా, కొందరా?" అని గోడ మీది అట్టను చూపించండి. ఎదురుగా ఆ మతం పిల్ల ఉంటే ముందు ఆ మాటను అక్కడే ఆపండి, వివరణ తర్వాత. ఆ పిల్లతో సాయంత్రం విడిగా మాట్లాడండి.

"మా తాత చనిపోయి ఎక్కడికెళ్ళాడు?" ఇది సమాచారం కోసం అడిగిన ప్రశ్న కాదు. "తాత గుర్తొస్తున్నాడా? ఇంట్లో ఏం చెప్పారు?" అని అడిగి వినండి. ఏ మతం ఏమంటుందో చెప్పే సమయం అది కాదు.

పరీక్ష, ఏర్పాట్లు

మార్కుల పరీక్ష పెట్టకండి, ముఖ్యంగా ఎవరి నమ్మకానికీ మార్కులు వేయకండి. టర్మ్ చివర ప్రతి పిల్లా మూడు వాక్యాలు రాయాలి: నాకు కొత్తగా తెలిసింది, నాకు ఇంకా అర్థం కానిది, నేను ఎవరినైనా అడగాలనుకునేది. రెండో వాక్యం ఖాళీగా వదిలిన పిల్లలతో మాట్లాడండి. అన్నీ తెలుసనుకోవడం ఈ పాఠంలో మంచి గుర్తు కాదు. మూడో వాక్యాల్లోంచి ఎక్కువమంది అడిగినవి తీసుకుని ఊళ్ళోవాళ్ళను పిలవండి. ఇమామ్, పూజారి, పాస్టర్లనే పిలవాలని లేదు. రోజా ఉండే టైలర్, మాల వేసుకునే డ్రైవర్, సండే స్కూల్ చెప్పే అక్క అయితే పిల్లలు ధైర్యంగా అడుగుతారు. ప్రశ్నలు వాళ్ళకు ముందురోజే చూపించండి.

ఏ పాఠం ఎప్పుడన్నది జూన్‌లోనే క్యాలెండర్ ముందు పెట్టుకుని రాసుకోండి. క్రిస్మస్, గురునానక్ జయంతి, సంక్రాంతి ఎటూ బడి జరిగే నెలల్లోనే పడతాయి. మేడారం రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి. బుద్ధ పౌర్ణమి వేసవి సెలవుల్లో వస్తుంది కాబట్టి అమరావతి పాఠం ముందే పెట్టుకోండి. రంజాన్ నెల తేదీ ఏటా చూసుకోవాలి. ఆ నెలలో రుచి చూపించే పాఠం పెట్టకండి, ఉపవాసం ఉంటున్న పిల్లలు క్లాసులో ఉండొచ్చు.